మా వాడ మండువా

కల్లు గీయడమంటే తాడిచెట్టు గెల కొసను కాగితమంత పల్చగా చెక్కడం. కాస్త లోతుగా తెగితే గెల ఎండుతుంది, తెగకపోతే ధార ఆగుతుంది. ఆ లెక్క గౌడన్న చేతికే తెలుసు. నడుముకు ముస్తాదు, చుట్టూ మోకు, పైన గాలికి ఊగే తాడి. అక్కడ నిలబడి రోజూ ఈ సన్నపని! ఈస్టు కలపక్కర్లేదు, గాలిలోదే లొట్టిలో చేరి పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పులుపు.

మా వాడ మండువా, అంటే కల్లు అమ్మే చోటు, ఒక్క కుటుంబానిదే. గౌడన్న దించేవాడు, అవ్వ వంచేది, కోడలు గుడాలు వేయించేది. వాడలోని తగాదాలు సగం అక్కడే తెగేవి (కొన్ని అక్కడే పుట్టేవి కూడా).

తర్వాత తాళ్లు కొట్టి ప్లాట్లు చేశారు. పట్నం దుకాణాల్లో మత్తుమందు కలిపిన కల్లు మంచి కల్లుకూ చెడ్డపేరు తెచ్చింది. హైదరాబాదు కల్లు దుకాణాలు ఏళ్లపాటు మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. మా మండువా తెరుచుకోలేదు. కొడుకులు చెట్టెక్కడం నేర్వలేదు. పడి నడుం విరిగినవాళ్లను చూసిన ఆ ఇంటివాళ్లను తప్పెలా పడతాం? గౌడన్నల దేవుడు కాటమయ్య పేర చెట్టెక్కేవాళ్లకు రక్షణ కిట్లు ప్రభుత్వం ఇవ్వడం మొదలైంది 2024లో.

మీ ఊళ్లో ఇంకా చెట్టెక్కే గౌడన్న ఉంటే పొద్దున్నే వెళ్లండి.