ఘంటసాల: గృహనామవిచారము

ఆంధ్రుల యింటిపేళ్లలో ననేకములు గ్రామనామములు. విజయవాడకు దిగువఁ గృష్ణాడెల్టాలోఁ జల్లపల్లి చేరువనున్న ఘంటసాల యట్టిది. గాయకుఁడు ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) చౌటపల్లిలో జన్మించినను, ఆ యూరిపేరే యతని గృహనామము.

దీనికి “ఘంటలుగల శాల” యని వ్యుత్పత్తి చెప్పుట కలదు. గాయకుని కంఠమున కిది యొప్పినట్లు తోఁచుటచే లోకము మెచ్చును. కాని యొప్పిదము ప్రమాణము గాదు. సంస్కృతసమాసమేని “ఘంటాశాల” కావలెను. తద్భవమేని “గంటసాల” కావలెను. పూర్వపదము తత్సమమై, యుత్తరపదము తద్భవమై నిలుచుట సందేహమునకుఁ దావొసఁగుచున్నది.

ఈ సందేహమును శాసనములు దీర్చుచున్నవి. ఘంటసాల ప్రాకృతశాసనములలో “కంటకసోల” యనియు, నాగార్జునకొండ శాసనములో “కంటకసేల” యనియు నున్నది. క్రీ. శ. 2వ శతాబ్దమున యవన భూగోళవేత్త టాలెమీ మైసోలియా తీరమున “కొంటకొస్సిల” యను వర్తకస్థానమును బేర్కొనెను. ఘంటసాల శాసనమం దొకట “మహానావిక” శబ్దమును గలదు. వీనిలో ఘంటయు లేదు, శాలయు లేదు, ఓడలున్నవి. పదమధ్యకకారము లోపించుట ప్రాకృతమున సహజము. అట్లేర్పడిన రూపమునకు మూలార్థము మఱవఁబడిన పిదప, తెలిసిన సంస్కృతపదమును బోల్చి “ఘంట”గా దిద్దిరని యూహింపఁదగును.

వ్యాకరణము రూపమును బరీక్షించును గాని చరిత్రమును గల్పింపఁజాలదు. ఘంటానాదమునకు మురిసి, యీ యింటిపేరు మోసికొనివచ్చిన ప్రాచీనవర్తకస్థానమును మఱచుట పండితులకుఁ దగదు.