జో రాసిన చీటీ

చార్లెస్ డికెన్స్ 1860-61లో వారం వారం అచ్చేసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలను నేను విన్నాను. హిందూపురం నుంచి లేపాక్షి బడికి పోయే బస్సులో, ఫోను చెవిలో పెట్టుకొని.

తల్లీదండ్రీ లేని పిప్‌ను అక్క మొగుడు జో సాకుతాడు. కమ్మరి. చదువు రాదు. పిల్లోడు పలక మీద రాసిన ఉత్తరంలో తన పేరులోని రెండక్షరాలు గుర్తుపట్టి మురిసిపోతాడు. తర్వాత ఎవరిదో డబ్బుతో పిప్ లండన్‌లో దొర అవుతాడు. జో చూడనీకి వస్తే సిగ్గుపడతాడు.

మొదట పిప్ మీదే కోపమొచ్చింది. అయితే ఆ సిగ్గు వాడికి ఎస్టెల్లా అంటించింది. పెద్దింటి పిల్ల, వాడి మొరటు చేతుల్ని, బూట్లని ఎగతాళి చేస్తుంది. నా కాలేజీలోనూ ఒకడు మా నాయన చెప్పులు చూసి నవ్వినాడు. నా కోపం పిప్‌ను వదిలి డికెన్స్ మీదికి మళ్ళింది.

జో టోపీ మాటిమాటికీ కింద పడతాంటే రచయిత మనల్ని నవ్విస్తాడు. ఈ గుడ్డలు నాకు తగవు, కొలిమి కాడే నేను మనిషిననే అర్థమొచ్చేటట్టు జో చేతనే చెప్పిస్తాడు. రాత్రి ఇత్తనం శెనక్కాయలు ఒలుస్తాన్న మా అమ్మకు ఈ కథ చెప్పినా. ఆమె నవ్వలేదు.

"ఆ పిల్లోడు కూసోమన్నాడా లేదా, అది చెప్పు నాయనా."

కూసోబెట్టినాడు, అయినా జో వాణ్ణి 'సార్' అనే పిలిచినాడన్నా.

"అట్లయితే కూసోబెట్టనట్టే."

డికెన్స్ పన్నెండేండ్లకే బూటు పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసినోడు. అయినా ఆయనకు జో కొలిమి కాడ ఉంటేనే ముద్దు. మన 'మాలపల్లి' (1922) రామదాసూ ఇంతే. కొడుకు సంగదాసును చంపినా ఓర్చుకుంటాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ మనల్ని ప్రేమించినాడు, కాదనను. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది గూడా. కానీ మనల్ని ఋషుల్ని చేసి ప్రేమించినాడు.

ఇంక వినడం చాలనుకున్నా. అప్పుడొచ్చింది 57వ అధ్యాయం. జబ్బుపడిన పిప్‌కు సేవ చేస్తా జో ఉత్తరం రాయనీకి కూచుంటాడు. సమ్మెట ఎత్తబోతున్నట్టు చేతులు మడిచి, కాగితమంతా మరకలు చేస్తా. బిడ్డీ నేర్పిందట. డికెన్స్ ఇక్కడా నవ్వించాలనే చూస్తాడు. కొత్తగా బలపం పట్టే పిల్లల వేళ్ళు ఇట్లే బిగుసుకుంటాయి, రోజూ చూస్తాంటా. నాకు నవ్వు రాలేదు, గొంతు పట్టేసింది. పిప్ అప్పు తీర్చి, ఒక చీటీ రాసిపెట్టి, జో తెల్లారేసరికి వెళ్ళిపోతాడు. ఈ నవలలో జో మంచితనం నాకొద్దు, ఆ చీటీ చాలు. పోతా పోతా తన మాట తానే రాసిపెట్టినాడు.

చీటీలో ఏముందని మా అమ్మ అడగలేదు. "ఎన్నేండ్లొచ్చినాక నేర్చుకున్నాడు?" అనింది.