సేకరణము – ఆరాధనము: వాగ్గేయకార స్మృతిని గూర్చి ఒక పరిశీలనము

గానము పుట్టిన క్షణముననే గతించు కళ. పద్యము తాటాకుపై నిలుచును, శిల్పము ఱాతిలో నిలుచును. పాట మాత్రము పాడినవాని గొంతుతో ముగియును. కావున గతించిన వాగ్గేయకారుని నిలుపుకొనుటకు మనవారు రెండు మార్గములు కల్పించుకొనిరి. మొదటిది సేకరణము. ఒక సంగీతప్రియుడు గురువునొద్ద వ్రాసికొన్న పుస్తకములనో, కొని తెచ్చుకొన్న గ్రామఫోను రికార్డులనో తన యింట కూడబెట్టి కాపాడుట. రెండవది ఆరాధనము. ఏటేట ఒక పుణ్యతిథినాడు పలువురు బయలునందు చేరి ఆ మహనీయుని కృతులను ఆయనకే వినిపించుట. రెండును భక్తిమూలకములే. కాని వీని ఫలములు భిన్నములు. ఒకదాని లోపమును రెండవది తీర్పవలసినదే కాని, ఒకదాని స్థానమును రెండవది ఆక్రమింపరాదని చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ముందుగా కావేరీతీరమందలి తిరువైయారును పరిశీలించి, అచ్చట తేలిన విషయమును మన అనంతపురము జిల్లాకు అన్వయింతుము.

త్యాగరాజస్వామి (1767–1847) తన కృతులను తానే గ్రంథముగా కూర్చి ప్రకటించినవాడు కాడు. అవి శిష్యుల కంఠములయందును, వారి వ్రాతపుస్తకములయందును నిలిచినవి. ఆ శిష్యపరంపరలలో ఉమయాళ్పురము, తిల్లైస్థానము, వాలాజాపేట అను మూడు ముఖ్యములు. వీనిలో వాలాజాపేట వేంకటరమణ భాగవతరుగారి సేకరణము సాహిత్యపరిశోధకునకు మిక్కిలి విలువైనది. సౌరాష్ట్ర కుటుంబమున పుట్టిన ఆ భాగవతరు గురువుగారి కృతులను స్వరములతో వ్రాసియుంచుటయే కాక, గురుచరిత్రమును గూడ లిఖించెను. కుమారుడు కృష్ణస్వామి భాగవతరు ఆ పనిని కొనసాగించెను. ఒక యింటి సొత్తుగా నిలిచిన ఈ ప్రతులు తరువాత మధురలోని సౌరాష్ట్ర సభను చేరినవి. త్యాగరాజు పారాయణ చేసినదిగా చెప్పబడు పోతన భాగవత ప్రతియు వానిలో నొకటి. త్యాగరాజ కృతులలోని పదసంపదకు మూలమెచ్చటనో వెదకువానికి ఆ ప్రతి యొక్కటే పెద్ద సాక్ష్యము. ఒక శిష్యుని మమకారము లేకున్న అది మనకు దక్కెడిది కాదు.

సేకరణమునకు గల ముఖ్యగుణము భేదమును సహించుట. ఒకే కృతికి రెండు పాఠములు దొరకిన సేకర్త రెండింటిని దాచును. ఏది మేలైనదో తేల్చువఱకు దేనిని పాఱవేయడు. ఒక పరంపరలో ఒక రాగముగా చెప్పబడిన కృతి మఱియొక పరంపరలో వేఱు రాగముగా వినబడును. సంగతుల సంఖ్య మాఱును, చరణముల క్రమము మాఱును. ఆరభి రాగమందలి ‘సాధించెనే’ కృతిలో ప్రతిచరణానంతరమున ఏ భాగమునకు మరలవలెనను చర్చ విద్వాంసులలో నున్నది. ఇది కేవలము గానసమస్య కాదు. ఎచ్చటికి మరలుదుమో దానిని బట్టి వాక్యమునకు అన్వయము కుదురును. అన్వయమును బట్టి భావము మాఱును. తెలుగు శాఖలవారు తమది కాదని విడిచిపెట్టరాని విషయమిది.

వ్రాతప్రతి చేసిన పనినే ఇరువదవ శతాబ్దమున గ్రామఫోను రికార్డు చేసినది. మదరాసున నివసించి, 78 భ్రమణముల రికార్డులను 40,000కు పైగా సేకరించిన వి.ఎ.కె. రంగారావుగారి పేరు ఈ సందర్భమున తలపవలెను. అట్టి సేకరణమును కేవలము వేడుకగా భావించుట పొరపాటు. పది అంగుళముల రికార్డు ఒక ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పాట పట్టదు. గాయకుడు ఏ సంగతిని విడిచినాడు, ఏ చరణమును కుదించినాడు అనునది ఆ పరిమితిని బట్టి గ్రహింపవలెను. రికార్డుపై చెక్కిన సంఖ్యను బట్టి కాలనిర్ణయము చేయవచ్చును. తొలినాళ్ల రికార్డులలో గాయకులు పాట చివర తమ పేరు చెప్పుకొనుటయు కలదు. అనగా ఏ పాఠమును ఎవరు, ఏ కాలమున పాడిరో తెలుపు సాక్ష్యము, ప్రాచీన వ్రాతప్రతులలో అరుదుగా లభించునది, ఇచ్చట చేతికందుచున్నది.

ఇక ఆరాధనము మాట. 1903లో ఉమయాళ్పురము కృష్ణ భాగవతరు, సుందర భాగవతరులు శిథిలమైయున్న త్యాగరాజ సమాధిని ఉద్ధరించిరి. తరువాత పుష్యబహుళ పంచమినాడు జరుగు ఉత్సవము పెరిగినది. దానితోపాటు వర్గభేదములును పెరిగినవి. స్త్రీలకు సమాధిముందు పాడు అవకాశము లేకుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) 1921లో తన సొంత ధనముతో సమాధికి ఆలయము కట్టించుటకు పూనుకొని, స్త్రీలకు వేఱుగా ఆరాధనము నడపెను. వర్గములు ఏకమై 1941 నుండి అందఱును కలసి పంచరత్నకృతులను గోష్ఠిగా పాడు సంప్రదాయము నెలకొన్నది. నదీతీరమున పందిటి క్రింద విద్వాంసుడును విద్యార్థియు, పురుషుడును స్త్రీయు సరిసమానముగా కూర్చుండి పాడు ఆ దృశ్యము మన సంగీతచరిత్రలో సామాన్యమైన విజయము కాదు. నాలుగు గోడలమధ్య నున్న సేకరణము ఎంత గొప్పదైనను దాని తలుపు తీయువాడు ఒక్కడే. బయలునకు తలుపు లేదు.

అయినను విమర్శకుడు ఇచ్చటనే నిలిచి యోచింపవలెను. వందలమంది ఒక్క గొంతుగా పాడవలెనన్న పాఠమొక్కటే కావలెను. గోష్ఠి కోరునది ఐక్యము. ఐక్యమునకు చెల్లించు మూల్యము పాఠాంతరము. ఏటేట వినబడిన పాఠమే శ్రోతకు సహజముగా తోచును. కొన్నాళ్లకు అదియే ప్రమాణమగును. మఱికొన్నాళ్లకు తక్కినవి తప్పులుగా ఎంచబడును. ఇందు ఎవరి దోషమును లేదు. ఇది సామూహిక గానమునకు సహజమైన గతి. కనుకనే గోష్ఠిలో పాడబడు పాఠమును ప్రచారమందున్న పాఠమనవలెను కాని మూలపాఠమనరాదు. ఈ రెండు మాటలకు గల అంతరమును కొన్ని సిద్ధాంతవ్యాసములు పాటింపకుండుట విచారకరము.

నాగరత్నమ్మయే ఈ విషయమున మనకు మార్గదర్శకురాలు. ముద్దుపళని రాధికాసాంత్వనమునకు పూర్వముద్రణ మున్నను దానితో తృప్తిపడక, వ్రాతప్రతిని సంపాదించి, రెండింటిని పోల్చి 1910లో పరిష్కృతముద్రణము వెలువరించిన విదుషి ఆమె. గ్రంథమునకు ప్రతులను వెదకినదియు, గురువునకు బయట పందిరి వేయించినదియు ఒక్క వ్యక్తియే. రెండు పనులకును పరస్పరవిరోధము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

అన్నమాచార్యుల విషయమున సమస్య మఱింత సూక్ష్మము. తిరుమల సంకీర్తన భాండారమందలి రాగిఱేకులపై సాహిత్యమును, రాగనామమును ఉన్నవి, స్వరలిపి లేదు. అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) తిరుపతిలో ఆ సంకీర్తనలను పరిష్కరించి, నూటికి పైగా కీర్తనలకు స్వరరచన చేసిరి. సాహిత్యము పదునేనవ శతాబ్దిది. వరుస ఇరువదవ శతాబ్దిది. తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు స్వరపఱచిన సప్తగిరి సంకీర్తనలు పంచరత్నముల వలె గోష్ఠిగానమునకు ఉపకరించినవి. 2009 మే 10న సికిందరాబాదు పెరేడ్ మైదానమున లక్షకు పైగా గాయకులు ఏడు సంకీర్తనలను ఏకకంఠముగా పాడిరి. ఆ మైదానమున నిలిచి విన్నవానికి వరుసయు అన్నమయ్యదే అనిపించుట సహజము. పరిష్కర్త పేరు, స్వరకర్త పేరు, రాగిఱేకుపైనున్న రాగము పేరు – ఈ మూటిని వేఱువేఱుగా నమోదు చేయుట పరిశోధకుని విధి. అట్లు చేయనిచో ఆరాధనము పెరిగిన కొలది రాళ్లపల్లివారి కృషి మఱుగుపడును. ఆయన పుట్టిన జిల్లాలోనే అట్లు జరుగరాదు.

ఈ విధి దూరప్రాంతములకే పరిమితము కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు నోచుకొన్న మన పీఠభూమిలో, యాడికి వంటి గ్రామమునందు, పాటకు వేదిక గుడిముందరి బయలే. చెక్కభజనయు, కోలాటమును అచ్చటనే సాగును. అట్టి ఊళ్లలో పాటలకు ఆధారము పాడువాని జ్ఞాపకము. ఆపైన ఎవరో అభిమాని చేతివ్రాతతో నింపుకొన్న నోటుపుస్తకము, ఒక పెట్టెలో దాచుకొన్న క్యాసెట్లు. ఎండకు కాగితము పెళుసగును, చెదలు మిగిలినదానిని తినును, యజమాని గతించిన పిమ్మట ఇంటివారికి అది చిత్తుకాగితము. మధుర సభవంటి ఆశ్రయము ఈ పెట్టెలకు లేదు.

కావున క్షేత్రమునకు పోవు పరిశోధకవిద్యార్థులకు మేము చేయు సూచన యిది. బయట భజన జరుగునపుడు ధ్వనిముద్రణము చేసికొని మరలివచ్చుట సగము పని మాత్రమే. మఱునాడు ఆ పుస్తకము గలవాని ఇంటికి పోయి, అందలి పాఠమును విన్న పాఠముతో పోల్చి, భేదములను సవరింపక యథాతథముగా వ్రాసికొనవలెను. ఎవరినుండి ఎవరు నేర్చినది, ఎప్పుడు వ్రాసినది అడిగి తెలిసికొనవలెను. ప్రతికి ఛాయాచిత్రము తీసికొని, మూలమును ఇంటివారికే భద్రముగా తిరిగి ఇయ్యవలెను. బయలు పాటను బ్రదికించును. పెట్టె పాట ఎట్లు బ్రదికినదో చెప్పును. ఈ రెండింటిని కలిపి చదువగలిగిన నాడే వాగ్గేయకార సాహిత్యమునకు శాస్త్రీయమైన పరిష్కరణము సాధ్యమగును.