వాగుగట్టున వావిలి

నందికొండల పరిసరములయందు పుట్టి తెలుగుదేశమునకు ప్రవహించు ఉత్తరపినాకిని, చిత్రావతి, పాపఘ్ని యను మూడు నదులలో నీరు చూడవలెనన్న మంచివాన కురిసిన యేడు రావలెను గాని, వానిలో గలియు వాగుల గట్టులపై వావిలిని చూచుటకు ఏ యేడైనను చాలును. చిక్కబళ్ళాపురమునుండి బాగేపల్లికి పోవు దారిలో గాని, చింతామణి చుట్టుపట్ల బీళ్ళలో గాని, బండరాళ్ళ సందులను పట్టుకొని, ఎవ్వరును నాటకయే, ఎవ్వరును నీరు పోయకయే యీ పొద నిలువెత్తును మించి పెరుగుచుండును. కైవారము నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను పాడిన సీమ గనుక దీనికిని ఇచ్చట రెండు పేర్లు గలవు: తెలుగిండ్లలో వావిలి, కన్నడిగుల యిండ్లలో లక్కి.

ఒక రెమ్మ త్రుంచి చూడుడు. లేతకొమ్మ గుండ్రముగా నుండదు, నాలుగు పలకలుగా నుండును. కాడకు మూడుగాని అయిదుగాని ఆకులు చేతివ్రేళ్ళవలె విచ్చుకొనును. నడిమియాకు పొడవు, అంచులవి పొట్టి. పైన ముదురుపచ్చ, అడుగున విబూది పూసినట్టి తెలుపు. అందుచేత గాలి వీచినపుడెల్ల పొద యొక్కసారి తెల్లబడి మరల పచ్చనగును. నలిపిన యాకు వాసన చేతిని పూటంతయు విడువదు. కొనలయందు నీలిపూల గుత్తులు, పిమ్మట మిరియములవంటి నల్లని చిన్నకాయలు. తెల్లనిపూలది సింధువారమనియు, నీలిపూలది నిర్గుండి యనియు ఆయుర్వేద నిఘంటుకారులు వేఱుచేసిరి. 1753లో లిన్నేయసు దీనికి వైటెక్స్ నెగుండో యని పేరిడినాడు. ఆ నెగుండో మన నిర్గుండి పడమటివారి నోట పడి మాఱిన రూపమే. ఆకుల పోలికచేత అమెరికా దేశపు మేపుల్ చెట్టొకదానికి సయితము ఆ పేరే అంటుకొన్నది!

ఈ సీమలో వావిలి ప్రతిష్ఠ యంతయు బాలింత స్నానమునందున్నది. మా అవ్వ ముందునాటి సాయంకాలమే ముదురాకు రెమ్మలు కోయించి, తెల్లవారుజామున కాగునిండ నీళ్ళుపోసి, అవి కాగిన పిదప గాక చన్నీళ్ళలోనే రెమ్మలు వేయించెడిది. తొందరపడి చెంబు ముంచబోయిన నన్ను, “ఆకు మునిగితే చాలదురా నాయనా, ఉడకాల. నీళ్ళు టీడికాషను మాదిరి కావాల” అని ఆపినది నాకింకను జ్ఞప్తియందున్నది. నడుమునకును కీళ్ళకును ఆ నీరు ధారగా పోసి, ఒళ్ళు తుడిచి, తల యారుటకు సాంబ్రాణి పొగ వేయుదురు. ఉడికిన యాకును సయితము పాఱవేయరు. గుడ్డలో మూటగట్టి మోకాళ్ళకు కాపడము పెట్టుదురు. జలుబునకు ఆవిరి పట్టుట, తలనొప్పికి ఎండిన యాకును దిండులో కూరుట మున్నగునవి అందఱెఱిగినవే. కషాయమును లోపలికి పుచ్చుకొనుట మాత్రము వైద్యుని యెదుట జరుగవలసిన పని.

ధాన్యపుగదిలోను దీనికి పని యున్నది. రాగులకు పురుగు భయము తక్కువ. కందులు, అనుములు, అలసందలు మాత్రము ఊరక నిలువవు. నీడన నారబెట్టిన వావిలాకును పొరపొరకు నడుమ పఱచి కుండమూతిని మూయుదురు. ఎండలో నెండించిన యాకున ఘాటు చాలవఱకు ఎగిరిపోవును, అది కుండలో నున్నను లేకున్నను నొక్కటే.

సాగు అనుటకు పెద్ద సేద్యమేమియు లేదు. వ్రేలిలావు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండునట్లు కోసి, తొలివానలకు సగము భూమిలో దిగునట్లు ఏటవాలుగా గ్రుచ్చిన చాలును. వేళ్ళనుండి లేచిన పిలకలనైనను పాతవచ్చును. మూరెడేసి యెడముగా నాటి యేటేట కత్తిరించినచో కంచెయగును. మేకలు దీనిని సాధారణముగా మేయవు గనుక ఆ కంచెకు మఱియొక కంచె యక్కఱలేదు. నేడు ద్రాక్షతోటలకును టమాటామళ్ళకును రాతికూసములు నాటి ముండ్లతీగె లాగుచున్నారు. దానికై గట్టుమీది వావిలిని యంత్రముతో పెకలించిన రైతే, కీళ్ళనొప్పికి నిర్గుండితైలపు సీసాను అంగడిలో కొనుచుండుట చూచి నాకు నవ్వు వచ్చినమాట నిజము.

ఆ తైలమును ఇంట కాచుట కష్టమేమియు గాదు, ఓర్పు కావలెను. ఒకపాలు నువ్వులనూనెకు నాలుగుపాళ్ళు ఆకురసము చేర్చి, నూఱిన యాకుముద్ద కొంత వేసి, సన్నని సెగపై కాచుచు అడుగంటకుండ కలుపుచుండవలెను. పాకము వచ్చువేళ నూనెపై నురుగు పొంగును. అపుడు అడుగుముద్దను కొంచెము తీసి వ్రేళ్ళనడుమ నలిపిన వత్తివలె సాగవలెను. ఆ వత్తిని నిప్పున పెట్టి చెవియొగ్గి వినవలెను. చిటచిటమన్నచో నీరింకను మిగిలియున్నదని యర్థము, మరల కట్టె ఎగద్రోయవలెను. చప్పుడు లేక మండినచో పొయ్యినుండి దింపి, గోరువెచ్చగా నున్నపుడే వడగట్టుదురు.