నోటి మాటయు హృదయపు ఒప్పుకోలును: ఆటిజం విషయములో మన సంఘ భాషపై ఒక విమర్శ

ఆటిజంను గూర్చి మన సంఘములలో మాటలాడుట ఇటీవల పెరిగినది. ఇది సంతోషించదగిన విషయమే. మౌలాలి, నాచారం, ఉప్పల్ ప్రాంతముల ఆరాధనలలో ఇట్టి బిడ్డల కొరకు ప్రార్థన అంశములు వినబడుచున్నవి. వారికి ప్రత్యేక గది, ప్రత్యేక బోధ ఉండవలెనను ఆలోచనలు కూడ వచ్చుచున్నవి. అయితే మంచి మనస్సుతో పలికిన మాటయు, చేసిన ఏర్పాటును, అందుకొనువారికి నిజముగా మేలుగా ఉన్నవా? ఈ ప్రశ్నను ఆటిజం గలవారి వైపునుండి పరిశీలింప ప్రయత్నించుచున్నాము.

1. పేరు పెట్టుటలోని చిక్కు

1995 నాటి వికలాంగుల చట్టము గుర్తించిన ఏడు వైకల్యములలో బుద్ధిమాంద్యత ఉన్నది గాని ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము దానిని పేరు పెట్టి చేర్చినది. 2016 నాటి హక్కుల చట్టములోని 21 వైకల్యములలో అదియు ఒకటి. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ పేరులో మొదట ఉన్న 'మెంటల్లీ హ్యాండీక్యాప్డ్' అను మాట తరువాత తొలగింపబడినది. లోకము తన బోర్డులను మార్చుకొనినను, మన ప్రార్థనలలో "బుద్ధి ఎదగనివారు" అను మాట అలాగే నిలిచియున్నది.

కొందరు 'స్వలీనత' అను పదమును వాడుదురు. తనలో తాను లీనమగుట అని దాని అర్థము. 1911లో బ్లాయిలర్ అను స్విస్ వైద్యుడు వాడిన మూల పదములోను 'తాను' అను గ్రీకు మాటయే ఉన్నది. ఇది బయటనుండి చూచువారి తీర్పు. బ్రిటనుకు చెందిన డేమియన్ మిల్టన్, తానే ఆటిజం గల పండితుడు, 2012లో దీనిని ప్రశ్నించెను. అపార్థము ఇరువైపులనుండి కలుగుచున్నదనియు, వారు మనలను గ్రహింపలేకపోయినట్లే మనమును వారిని గ్రహింపలేకపోవుచున్నామనియు ఆయన వాదము.

2015లో ప్రధానమంత్రి సూచించిన 'దివ్యాంగులు' అను మాట మన ప్రసంగములలోనికి వచ్చినది. గౌరవించు ఉద్దేశముతోనే దానిని వాడుచున్నాము. అయితే దేవుని స్వరూపము మనుష్యుని వైకల్యమును బట్టి వచ్చినది కాదు, వైకల్యమును బట్టి పోవునదియు కాదు. ఒకరిని దివ్యులని ఎత్తుట కూడ సహవాసమునుండి వేరుచేయుటయే కాగలదు.

ఆంగ్లములో "వ్యక్తి ముందు, వైకల్యము తరువాత" అను నియమము ఉన్నది. జిమ్ సింక్లెయిర్ వంటి ఆటిజం గల రచయితలు 1999లోనే దానిని కాదనిరి. ఆటిజం మోసుకొని తిరుగు సంచి కాదు, మనిషినుండి విడదీయరానిది అని వారి వాదము. తెలుగులో ఈ వివాదము ఇదే రూపములో నిలువదు. మన వ్యాకరణములో విశేషణము ముందు, వ్యక్తి తరువాత వచ్చును. కాబట్టి మనము చూడవలసినది పదక్రమము కాదు, నడుమనున్న క్రియ. "ఆటిజం గల సహోదరుడు", "ఆటిజంతో బాధపడుచున్న సహోదరుడు" అను రెంటిలో రెండవది అతని ననుభవమును అడుగకనే తేల్చుచున్నది. తల్లి తన బాధను బాధ అని చెప్పుకొనుటకు ఇది అడ్డు కాదు. ఆమె బాధను కుమారుని నిర్వచనముగా మనము మార్చరాదు.

మరియొక సంగతి మన భాషకే ప్రత్యేకమైనది. ముప్పది యేండ్ల వ్యక్తిని "బాబూ, నువ్వు" అనుచున్నాము. అతని యెదుటనే తల్లితో "వాడు తిన్నాడా?" అని అడుగుచున్నాము. అదే వయస్సుగల ఇతర సహోదరులు మనకు "మీరు". పదకోశము మార్చుటకంటె ఈ సర్వనామమును మార్చుట ముఖ్యము.

2. అడుగకుండ చేసిన మేలు

ప్రత్యేక గది కొందరికి నిజముగా విశ్రాంతి. స్పీకర్ల మ్రోత, కీబోర్డు, చప్పట్లు కొందరి చెవులకు నొప్పి కలిగించును. అయితే ఆ గది తలుపు లోపలనుండి తెరుచుకొనునా? ఇష్టమైనప్పుడు ఆరాధనలోనికి తిరిగి రాగలరా? లేనియెడల అది వారి సౌకర్యము కొరకు కాక మన నిశ్శబ్దము కొరకైన ఏర్పాటు.

అలంకార భాషను పూర్తిగా తీసివేసి చంటిబిడ్డల మాటలతో బోధించుట మరియొక ఏర్పాటు. "హృదయపు తలుపు" వంటి మాటలకు వివరణ అవసరమే. కాని అలంకారము వారికి అందదనుట సరికాదు. 1943లో ఆటిజంను వర్ణించిన లియో కానర్, 1946లో ఒక బాలుని గూర్చి వ్రాసెను. కుక్కను బాల్కనీనుండి పడవేయవద్దని అతడు సందర్భము లేకుండ పలుకుచుండెను. మునుపు బొమ్మకుక్కను బాల్కనీనుండి విసిరినప్పుడు తల్లి పలికిన మాట అది. ఏదైనను విసరవలెనని తోచినప్పుడెల్ల అతడు ఆ మాటతో తన్ను తాను ఆపుకొనుచుండెను. అర్థము లేదనుకొన్న మాట రూపకమే. దాని కథ తెలియనివారము మనము.

3. ప్రభువు పద్ధతి

మార్కు 7:31-37లో చెవుడును నత్తియు గలవానిని ప్రభువు జనసమూహమునుండి ప్రక్కకు తీసికొనిపోయి, మాటకు ముందు స్పర్శతో వ్యవహరించెను. అది సద్దును, చూపులను తగ్గించిన ఏర్పాటు. మార్కు 10:51లో గ్రుడ్డివాని అవసరము అందరికి కనబడుచున్నను, అతనికేమి కావలెనో ఆయన అతనినే అడిగెను. ఏర్పాటు, అడుగుట, ఈ రెండును ఆయనయందు కలిసియున్నవి. మనము మొదటిది నేర్చుకొని రెండవదానిని విడిచితిమి.

4. అసలు ప్రశ్న

మాట రాని యౌవనస్థుడు బాప్తిస్మము కోరినయెడల, లేక నిర్ధారణకు సిద్ధపడినయెడల, మనమేమి చేయుదుము? రోమా 10:9-10లో నోటి ఒప్పుకోలు ఉన్నదని కొందరు ఆపుదురు. కాని నోరు మూయబడిన జెకర్యా పలక మీద వ్రాసి దేవుని మాటకు లోబడెను (లూకా 1:63). అది ఒప్పుకోలు కాదనగలమా? వ్రాసినను, బొమ్మను చూపినను, ఫోనులో అక్షరములు నొక్కినను, అది అతని నోరే. వ్రాయలేనివారి విషయములో పక్షవాయువు గలవానిని మోసినవారి విశ్వాసమును (మార్కు 2:5), మాటలకందని మూల్గులతో విజ్ఞాపనచేయు ఆత్మను (రోమా 8:26) జ్ఞాపకము చేసికొనవలెను. మాటను పరీక్షగా పెట్టి బల్లనుండి తోలివేయు అధికారము మనకున్నదని చెప్పుట కష్టము.

కాబట్టి కాపరులకు మా మనవి ఇది. ఆరాధన క్రమమును ముందుగా కాగితముపై ఇయ్యుడి. మార్పు ఉన్నయెడల ముందే తెలుపుడి. ద్వారము దగ్గర కూర్చుండువారిని ముందుకు పిలువకుడి. జవాబు కొరకు నిదానముగా కనిపెట్టుడి. వీటన్నిటికి ముందు, వారికేమి కావలెనో వారినే అడుగుడి, "మీరు" అని సంబోధించి.