బట్టను తిరగేసి చూడండి

కుట్టిన బట్ట ఎంత బాగుందో తెలియాలంటే దాన్ని తిరగేసి చూడాలి. పైపైన ఎవరైనా మెరిపించగలరు. కుట్టు పక్కన ఎంత బట్ట వదిలారు, అస్తరు సమంగా కూర్చుందా, దారం కొసలు ఎట్లా ముడేశారు, చంక కింద ముక్క వేశారా లేదా, ఇవన్నీ లోపలి వైపే కనబడతాయి. సూర్యాపేట దగ్గరి మోతెలో మిషను ముందు కూర్చున్నన్నాళ్ళూ నేను నమ్మిన మాట ఇది. నా దగ్గర కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకు మొదట చెప్పేదీ ఇదే. ఎవరైనా ఆది జాకెట్టు తెచ్చిస్తే ముందు తిరగేయండి, కొలతలు తర్వాత తీద్దురు అంటాను.

ఆ పిల్లలను వెంటబెట్టుకొని ఈమధ్య హైదరాబాద్ వెళ్ళాను, పాతకాలపు దుస్తులు చూపిద్దామని. సూర్యాపేటలో బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. అక్కడి నుంచి పురానీ హవేలీ, చౌమహల్లా ప్యాలెస్ కూడా పెద్ద దూరం కాదు. తెల్లవారుజామున బయల్దేరితే ఒక్క రోజులో మూడూ చూడొచ్చు. మూడింటికీ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించుకోవాలి.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితకాలమంతా పోగుచేసిన వస్తువులతో ఏర్పడిన సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించారు. గంట కొట్టే గడియారం ముందు జనం, మేలిముసుగు రెబెకా శిల్పం ముందు జనం. బట్టల దగ్గర మాత్రం మేమే ఎక్కువసేపు నిలబడ్డాం. ఇక్కడ వెలుతురెందుకు తక్కువగా ఉందని పిల్లలు అడిగారు. పాత బట్టకు వెలుతురే శత్రువు. రంగు వెలిసిపోతుంది, పట్టుపోగు పెళుసై పుటుక్కుమంటుంది. అందుకే మ్యూజియంలలో బట్టల మీద పడే వెలుతురును సాధారణంగా 50 లక్స్ దగ్గరే ఆపుతారు. దుకాణం ముందు ఎండలో వేలాడదీసిన చీరలు మడతల దగ్గర ఎందుకు పాలిపోతాయో పిల్లలకు అక్కడే అర్థమైంది.

నిజాం రాజ్యంలో పేరుపడ్డ నేతల్లో హిమ్రూ, మష్రూ ముఖ్యమైనవి. మష్రూ సంగతి పిల్లలకు వివరంగా చెప్పాను. దాని పడుగు పట్టు, పేక నూలు. నేసేటప్పుడు పడుగు పోగులు పైకి తేలి, పేక పోగులు కిందికి పోతాయి. చూసేవాళ్ళకు పట్టు మెరుస్తుంది, తొడిగినవాళ్ళ ఒంటికి నూలు తగులుతుంది. ఒట్టి పట్టు ఒంటిమీద వేసుకోకూడదన్న నియమం పాటించే ముస్లిం మగవాళ్ళకు ఈ నేత దారి చూపింది. మన ఎండలకు చెమట పీల్చే నూలు లోపల ఉండటం కూడా మంచిదే. నేసినవాళ్ళ తెలివంతా ఆ లోపలి వైపున ఉంది. నేను చెబుతుండగానే ఒకమ్మాయి అంది: "అక్కా, తిప్పి చూస్తెనే గదా అది తెలిసేది?"

ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు.

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. బీరువా అంటే మన ఇళ్ళలో ఉండేది అనుకోవద్దు. పొడవాటి గదికి రెండువైపులా బర్మా టేకుతో కట్టిన రెండంతస్తుల అరల వరుస. పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. ఆయన ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. 1911లో పోయిన ఆయన పేరు హైదరాబాద్ ఇవాళ్టికీ తలుచుకుంటుంది. ఆ అరలన్నీ నిండేలా కత్తెర పట్టి, సూది పట్టి, కళ్ళు పోగొట్టుకున్న దర్జీల పేర్లు మాత్రం ఎవరి నోటా వినపడవు.

చౌమహల్లాలో నిజాం కుటుంబం నాటి దుస్తులు చూశాం. ఒక షేర్వానీ కాలరు కాస్త ఎడంగా ఉన్నచోట అద్దానికి ముఖం ఆనించి చూస్తే అస్తరు అంచు వేలెడంత కనబడింది. చేతితో వేసిన తురుపు కుట్లు, ఒకదానికొకటి సమాన దూరంలో, బట్టలోంచి ఒక్క పోగును మాత్రమే అందుకొని పోతున్నాయి. ఇట్లా కుడితేనే పైవైపు కుట్టు జాడ కనబడదు. ఆ వేలెడు అంచు దగ్గర మా పిల్లలు నిలబడినంతసేపు జరీ దగ్గర నిలబడలేదు. మిషను మీద రెండు నిమిషాల్లో అయిపోయే పని చేత్తో ఎందుకు చేయాలో నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆ అంచు ఒక్క చూపులో చెప్పేసింది.

లోపలి పనిని చూపించడం మ్యూజియాలకు చేతకాని పనేమీ కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2017లో బాలెన్సియాగా దుస్తుల ప్రదర్శన పెట్టినప్పుడు గౌన్లకు ఎక్స్‌రేలు తీయించి, ఆ బొమ్మలను దుస్తుల పక్కనే ఉంచింది. ఆకారం నిలబడటానికి లోపల పెట్టిన బద్దలు, బరువులు అందరికీ కనబడ్డాయి. మన దగ్గర ఎక్స్‌రేల దాకా పోనక్కర్లేదు. పది దుస్తులు పెట్టినచోట ఒక్కదాన్ని తిరగేసి పెడితే చాలు. అదీ కుదరకపోతే లోపలి వైపు తీసిన పెద్ద ఫొటో, కుట్టు ఎట్లా వేశారో చెప్పే నాలుగు వాక్యాలు పక్కన ఉంచితే చాలు.

తిరగేసినా తేడా తెలియని బట్ట కూడా ఉంది, అదీ మన పాత నల్లగొండ జిల్లాలోనే. పుట్టపాక తేలియా రుమాలు. చీరాల వైపు నుంచి వచ్చిన ఈ విద్యలో నూలును నూనెలో, ఆముదపు కాయల తొక్కు కాల్చిన బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెడుతూ, పిసుకుతూ, ఆరబెడుతూ పోతారు. రంగు గట్టిగా పట్టడం దానివల్లే. తర్వాత పడుగును, పేకను విడివిడిగా గుర్తుల ప్రకారం కట్టి, ఎరుపు, నలుపు అద్ది, మగ్గం మీద ఒక గుర్తు మీద ఇంకో గుర్తు కూర్చునేలా నేస్తారు. బొమ్మ నూలులోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒక్క తీరుగానే ఉంటుంది. ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా తలపాగాలకు వెళ్ళిన ఈ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. అందుకే ఆ బట్ట గురించి మాట్లాడేటప్పుడు నేసినవాళ్ళ పేర్లూ వస్తాయి. నేతలో కనబడని శ్రమ ఇంకా ఉంది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం తల్లి చెయ్యి ఒక చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలు చుట్టడానికి, సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరిగేది. ఆ నొప్పి చూడలేకే ఆయన ఆసు యంత్రం తయారుచేశాడు. చీర కట్టుకున్నవాళ్ళకు ఆ తల్లి భుజం నొప్పి కనబడదు. కనబడేట్టు చేయడమే ప్రదర్శన పని.

రాజుల బట్టలే చూడాలనీ లేదు. రెండేళ్ళకోసారి మా పక్కనే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు గజ్జెల లాగులు తొడుక్కొని, గొంగళ్ళు భుజాన వేసుకొని వచ్చేవాళ్ళను చూస్తాం. గజ్జెల బరువుకు బట్ట చిరగకుండా లాగు అంచుకు లోపలి వైపు గట్టి పట్టీ వేయాలి. ఆ పట్టీ సరిగా పడకపోతే జాతరలో రెండు అడుగులు వేసేసరికి కుట్టు వదిలేస్తుంది. నల్లగొర్రె ఉన్ని వడికి నేసిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, చేలో పరుపు. ఇవీ ఒక అద్దాల పెట్టెలో ఉండాల్సినవే. సూర్యాపేటలో ఎప్పుడైనా అట్లాంటి గది ఒకటి పెడితే మొదటి లాగు నేను కుట్టి ఇస్తాను, తిరగేసి పెట్టండని అడుగుతాను.

అంతదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో పెద్దవాళ్ళ పెట్టెలు తెరవండి. నాయనమ్మ పెళ్ళి రైక, తాత అంగీ, అమ్మ నేత చీర ఏది దొరికినా తిరగేయండి. ఎవరు నేశారో, ఎవరు కుట్టారో, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలోనో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తెలుసుకోండి. ఒక చిన్న తెల్ల నూలు పట్టీ మీద ఆ వివరాలు చెరగని ఇంకుతో రాసి, లోపలి వైపు నాలుగు కుట్లు వేసి పెట్టండి. కుట్టడం రాకపోతే మీ ఊరి టైలరమ్మ దగ్గరికి తీసుకుపోండి. ఆ నాలుగు కుట్లకు ఎవరూ డబ్బులడగరు.