ప్రెస్‌నోట్‌కు ముందు ఒక గంట

హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక పిల్లలకు వాంతులు మొదలవుతాయి. అర్ధరాత్రికి అంబులెన్సులు, తెల్లవారేసరికి గేటు దగ్గర తల్లిదండ్రులు, ఎనిమిదింటికల్లా టీవీలో స్క్రోలింగ్. అప్పుడు యాజమాన్యం నుంచి మాకు ఫోన్ వస్తుంది: "మేడమ్, అర్జెంటుగా ఒక ప్రెస్‌నోట్ రాసిపెట్టండి." అప్పటికే వాళ్లు రాసుకున్న నోట్ ఒకటి ఉంటుంది. ఏ జిల్లాలో చూసినా దాని వరస ఒక్కటే. "కొందరు విద్యార్థినులు స్వల్ప అస్వస్థతకు గురయ్యారు. పరిస్థితి అదుపులో ఉంది. తల్లిదండ్రులు ఆందోళన చెందవద్దు."

ఈ మూడు వాక్యాల్లో ఒక్కటైనా గేటు దగ్గర నిలబడ్డ తల్లికి పనికిరాదు. కొందరంటే ఎంతమంది? తన కూతురు వాళ్లలో ఉందా? ఏ ఆస్పత్రి, ఏ వార్డు? వెళితే చూడనిస్తారా? ఆందోళన వద్దని చెప్పినంత మాత్రాన ఎవరి గుండె దడా తగ్గదు. ఏదో దాస్తున్నారన్న అనుమానం మాత్రం బలపడుతుంది.

చాలాకాలం పత్రికా డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేసి, తర్వాత కౌన్సెలింగ్ చదివి, ఆ రెండు పనులనూ కలిపి చిన్న కన్సల్టెన్సీ నడుపుతున్నాను. స్కూళ్లు, నర్సింగ్ హోములు, సహకార సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు మా దగ్గరికి వస్తాయి. పెద్ద ఏజెన్సీల ఫీజు భరించలేని వాళ్లే ఎక్కువ. కాగితం మీద పెన్ను పెట్టేముందు ఒక గంట కూర్చుని వినడం మా పద్ధతి. రాయడానికి అరగంట చాలు.

ఆ గంట ఛైర్మన్‌గారితో గడవదు. వార్డెన్, వంటమనిషి, వాచ్‌మన్, వీళ్లతోనే ముందు కూర్చుంటాం. ఎవరు మొదట చూశారు, ఎన్ని గంటలకు, ఎవరికి ఫోన్ చేశారు అన్నది ఆరా తీయడం రిపోర్టింగ్ నేర్పిన పని. ఎలా అడగాలో కౌన్సెలింగ్ నేర్పింది. "ఇంత ఆలస్యంగా ఎందుకు ఫోన్ చేశారు?" అంటే ఆ క్షణం నుంచి వార్డెన్ తనను తాను కాపాడుకునే మాటలే మాట్లాడుతుంది. "భోజనాల దగ్గర్నుంచి ఏం జరిగిందో మీకు గుర్తున్నట్టు చెప్పండమ్మా" అంటే చెప్పడం మొదలుపెడుతుంది. ఒకచోట ఆగిపోతుంది. అక్కడ మనం నోరు తెరవకూడదు. డెడ్‌లైన్‌తో పరుగెత్తే విలేకరికి మౌనమంటే సమయం వృథా. కౌన్సెలర్‌కు మాత్రం అసలు మాట రాబోయే చోటు అదే. నిమిషం తర్వాత ఆమే అంటుంది: "సాంబారు వాసన వస్తోందని ఒక పిల్ల వచ్చి చెప్పింది మేడమ్. నేనే పట్టించుకోలేదు."

తర్వాత మేం విన్నదాన్ని మా మాటల్లో ఆమెకే తిరిగి వినిపిస్తాం. "అంటే, మీకూ అనుమానం వచ్చింది, వండింది పారబోయించే అధికారం లేదనుకున్నారు. అంతేనా?" "లేదండీ, అనుమానం నాకు రాలేదు. ఆ పిల్ల రోజూ ఏదో ఒకటి అంటుందని వదిలేశాను." ఈ దిద్దుబాటు కోసమే తిరిగి చెప్పడం. తనను సరిగ్గా అర్థం చేసుకోవాలని ఎదుటివాళ్లు తాపత్రయపడుతున్నారని ఆమెకు తెలుస్తుంది. అచ్చులోకి వెళ్లబోయే ఒక తప్పు మా దగ్గరే ఆగిపోతుంది. కౌన్సెలర్ దీన్ని సహానుభూతి అంటాడు, సబ్‌ఎడిటర్ సరిచూసుకోవడం అంటాడు. చేసే పని ఒక్కటే. ఈ రెండు వృత్తులూ ఒకదానికొకటి అతికేది ఇక్కడేనని నా నమ్మకం.

ఇలా వినడాన్ని పద్ధతిగా నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉండగా ఆయన కౌన్సెలింగ్ సంభాషణలను గ్రామఫోన్ డిస్కుల మీద రికార్డు చేయించాడు. 1942లో వచ్చిన పుస్తకంలో ఒక కేసును మొదటి మాట నుంచి చివరి మాట దాకా అచ్చువేశాడు. గుర్తున్నది రాసుకోవడంతో సరిపెట్టుకుంటున్న రంగంలో అది పెద్ద మార్పు. 1957లో రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి ఆయన రాసిన చిన్న పుస్తకం వినే పద్ధతిని పని ప్రదేశాలకు తీసుకొచ్చింది.

మళ్లీ నోట్ దగ్గరికి వస్తాను. డాక్టర్‌తో మాట్లాడి, అంకెలు సరిచూశాక, మేం రాసేది ఇలా ఉంటుంది: "నిన్న రాత్రి భోజనం తర్వాత మన హాస్టల్లో ఇంతమంది పిల్లలకు వాంతులు, విరేచనాలు అయ్యాయి. వాళ్లను ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల వార్డులో చేర్చాం. మీ అమ్మాయి వాళ్లలో ఉందో లేదో ఆఫీసు నంబరుకు ఫోన్ చేస్తే వెంటనే చెబుతాం. ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. కారణం ఇంకా తెలియదు. మిగిలిన ఆహారాన్ని పరీక్షకు పంపాం. ఫలితం ఎలా వచ్చినా మీకు చెబుతాం. సాంబారు బాగాలేదని ఒక విద్యార్థిని ముందే చెప్పినా మా సిబ్బంది పట్టించుకోలేదు. అది మా తప్పు. సాయంత్రం అయిదింటికి మళ్లీ రాస్తాం."

తప్పు ఒప్పుకునే వాక్యం దగ్గర పేచీ తప్పదు. లాయరుగారు కొట్టేయమంటారు. ఆయన భయం అర్థం లేనిదేమీ కాదు, అందుకే ఆ వాక్యాన్ని ఆయన ముందు పెట్టకుండా బయటికి పంపం. దానికంటే ముందు వార్డెన్ ఒప్పుకోవాలి. గదిలో నమ్మి చెప్పిన మాట ఆమెకు తెలియకుండా నోట్‌లోకి ఎక్కకూడదు, ఆమె పేరు ఎలాగూ రాదు. వద్దంటే ఆ వాక్యం తీసేస్తాం, దానికి విరుద్ధమైన అబద్ధం మాత్రం రాయం. సాయంత్రం అయిదింటికి కొత్త సంగతి ఏమీ లేకపోయినా, లేదన్న సంగతే రాసి పంపుతాం.

పత్రికల నుంచి ప్రజాసంబంధాల వృత్తిలోకి వచ్చిన తొలితరంలో ఐవీ లీ ఒకడు. న్యూయార్క్ పత్రికల్లో విలేకరిగా చేసినవాడు. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను కప్పిపుచ్చడం రైల్వే కంపెనీలకు అలవాటైన ఆ రోజుల్లో, ఆ కంపెనీ తరఫున లీ విలేకర్లను ప్రమాదస్థలానికి రప్పించి, వివరాలు రాతపూర్వకంగా ఇప్పించాడు. తొలి ప్రెస్‌నోట్‌గా చాలామంది దాన్నే చెబుతారు.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే మనిషి దారి తప్పాడు. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లోలో, సమ్మె చేస్తున్న బొగ్గు కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిగి, గుడారాలు తగలబడి, స్త్రీలూ పిల్లలూ చనిపోయారు. ఆ బొగ్గు గనుల కంపెనీలో పెద్ద వాటా రాక్‌ఫెల్లర్ కుటుంబానిది. వాళ్ల కోసం లీ వరసగా బులెటిన్లు అచ్చువేసి పంచాడు. కంపెనీ చెప్పిన వివరాలు నిజమో కాదో తాను సరిచూడలేదని తర్వాత విచారణ సంఘం ముందు ఒప్పుకోవలసి వచ్చింది. కార్మికుల గోడు వినకుండా రాసిన రాత అది.

అదే సమయంలో రాక్‌ఫెల్లర్ జూనియర్ మరొకరిని సలహాదారుగా పెట్టుకున్నాడు. ఆయన మెకెంజీ కింగ్, అప్పటికే కెనడాలో కార్మిక మంత్రిగా చేసినవాడు, తర్వాత ఆ దేశ ప్రధాని అయ్యాడు. కింగ్ మాట మీద 1915 సెప్టెంబరులో రాక్‌ఫెల్లర్ స్వయంగా కొలరాడో వెళ్లి గని కార్మికుల ఇళ్లకు వెళ్లాడు, వాళ్లతో కలిసి తిన్నాడు, మాట్లాడాడు. కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధులు కంపెనీతో చర్చించే ఏర్పాటు వచ్చింది. అయితే వాళ్ల అసలు యూనియన్‌ను కంపెనీ గుర్తించలేదు, అందుకే చాలామంది ఆ ఏర్పాటును కంటితుడుపుగానే చూశారు. ఈ కథ నాకు ఎంతో విలువైనది. లీ దగ్గర వినడం లేదు. కింగ్ యజమాని వినేలా చేశాడు గానీ, విన్నదానికి తగినంత ఇచ్చే మనసు ఆ యజమానికి లేదు. ఇచ్చేది ఏమీ లేకుండా వినడానికి మాత్రమే మమ్మల్ని పిలిచే క్లయింట్‌కు మేం మొదటి రోజే వద్దని చెప్పేస్తాం.

మన దగ్గర పత్రికా రచన, కౌన్సెలింగ్‌ల కలయికకు ఉదాహరణగా మాలతీ చందూర్ ఉన్నారు. ఆంధ్రప్రభ వారపత్రికలో 1950ల నుంచి దశాబ్దాలపాటు ఆమె 'ప్రమదావనం' నడిపారు. వంటల నుంచి కాపురంలో కష్టాల దాకా పాఠకులు ఆమెను అడిగేవారు. రాసిన ఒక్కరికీ చెప్పాలి, అదే బాధను ఎవరికీ చెప్పుకోలేక పత్రిక తెరిచిన వాళ్లకూ చెప్పాలి. పేరు బయటపడకూడదు. కొన్ని వాక్యాల్లో ముగించాలి. మా దగ్గరికి శిక్షణకు వచ్చే పిల్లలకు ఈ లెక్కే నేర్పిస్తాను.

ఇలాంటి కన్సల్టెన్సీ నడపడంలో చిక్కులు లేకపోలేదు. నెలకు కొద్దిపాటి రుసుము తీసుకుని, ఆపద లేనప్పుడే పరిచయం పెంచుకుంటే పని బాగా సాగుతుంది. మంటలు లేచాక వచ్చే క్లయింట్‌కు ఆ గంట ఆగే ఓపిక ఉండదు. క్లయింట్‌కు వ్యక్తిగతంగా కౌన్సెలింగ్ అవసరమైతే వేరే నిపుణుల దగ్గరికి పంపుతాం. ఒకే మనిషికి సలహాదారూ, కౌన్సెలరూ మనమే అయితే రెండూ చెడతాయి. ఇక "ప్యాకేజీ ఎంత? నాలుగు పేపర్లలో వేయించండి" అనేవాళ్లు ఇప్పటికీ వస్తారు. 2009 ఎన్నికల తర్వాత, డబ్బు తీసుకుని వార్తలు వేసే ఈ రోగం లోతును ప్రెస్ కౌన్సిల్ కోసం 2010లో బయటపెట్టిన ఇద్దరిలో మన పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు, రెండోవారు పరంజయ్ గుహా ఠాకూర్తా. వార్త ఆపించమని డెస్కులోని పాత స్నేహితులకు నేను ఫోన్ చేయను. మా వాళ్ల వివరణ కూడా వేయమనీ, సందేహం ఉంటే ఈ నంబరుకు చేయమనీ మాత్రమే అడుగుతాను.

ఈ పని చేయగలవాళ్లను తయారుచేసే చోట్లు మనకు ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. సైకాలజీ విభాగమూ అదే క్యాంపస్‌లో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రెండూ ఉన్నాయి. ఒక్క సెమిస్టరు అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు కూర్చోబెట్టాలి. ప్రశ్న ఎలా అడగాలో, జవాబు వచ్చేదాకా ఎలా ఆగాలో కలిసి సాధన చేయించాలి. అలా తయారైన ఇద్దరు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒక చిన్న గది అద్దెకు తీసుకుని ఈ పని మొదలుపెట్టవచ్చు.